బొండాం తాగని కృష్ణవేణి

ఉద్దానంలో ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వరు, బొండాం కొట్టి ఇస్తారు. నేలలోంచి వచ్చే నీళ్ళ మీద అక్కడి వాళ్ళకి నమ్మకం పోయి చాలా కాలమైంది. చెట్టు మీది నీళ్ళ మీద మాత్రం ఉంది. వచ్చినవాడు చుట్టమైనా, కరెంటు మీటరు చూసిపోయేవాడైనా, కత్తి తీసి, నెత్తి చెక్కి, చేతిలో పెట్టేస్తారు. కాదనడం మర్యాద కాదు. కాదన్నాడంటే దానికి ఒకటే అర్థం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి డాక్టర్లు ముందుగా వద్దనే వాటిలో కొబ్బరినీళ్ళు ఒకటి. అందులోని పొటాషియాన్ని చెడిన కిడ్నీ బయటికి పంపలేదు, అది పోయి గుండె మీద పడుతుంది. అందుకే నేరేడుపుట్టుగలో ఎవరికి జబ్బు వచ్చిందో పరీక్ష కాగితం కంటే ముందు బొండామే చెప్పేస్తుంది.

ఈ సంగతి కృష్ణవేణికి తెలిసినంతగా ఆ ఊళ్ళో మరెవరికీ తెలియదు. పదమూడేళ్ళుగా ఆమె ఆ ఊరి ఆశా కార్యకర్త. ఇల్లిల్లూ తిరిగే మనిషి గనుక ఎవరు బొండాం వద్దన్నారో, ఏం సాకు చెప్పారో అన్నీ ఆమె చెవిన పడ్డవే. "జలుబు చేసిందమ్మా" అనేది మొదటి నెల అబద్ధం. "ఇయ్యాల ఉపవాసం" అనేది రెండో నెలది. మూడో నెలకి అబద్ధంతో పని ఉండదు, కొట్టబోయినవాడే కత్తి పక్కన పెట్టేస్తాడు.

అలాంటి కృష్ణవేణి మే నెలాఖరున బాలకృష్ణ ఇంటి అరుగు మీద కూర్చుని, అతను చెక్కి ఇచ్చిన బొండాన్ని రెండు చేతులా పట్టుకుని, "జలుబు చేసిందిరా" అంది.

బాలకృష్ణకి ముప్పై అయిదేళ్ళు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీయడం అతని పని. వరసకి తమ్ముడు. ఆమె మొహం చూశాడు, ఆకాశం చూశాడు.

"బుర్రలు పేలిపోయే ఎండలో జలుబేటక్కా?"

"ఎండ జలుబు" అంది. అరుగు దిగి వచ్చేసింది.

ఆమె మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాడు. ఆ మొహం అలా తయారు కావడానికి ఆమెకి చాలా ఏళ్ళు పట్టింది. నెలకోసారి ఊళ్ళో రక్తపరీక్షల క్యాంపు పెడతారు. నాలుగైదు రోజుల్లో జాబితా కృష్ణవేణి ఫోనుకి వస్తుంది. పేరు, వయసు, క్రియాటినిన్ ఎంత, అంతే ఉంటుంది. ఆ చివరి అంకె ఒకటి దాటి పెరిగేకొద్దీ కిడ్నీ చెడుతున్నట్టు, ఊళ్ళో దాన్నే పాయింట్లంటారు. ఫలితం చెప్పవలసింది నర్సు. నర్సు మందస నుంచి వారానికి ఒక్కరోజు వస్తుంది. ఊరు అంతవరకు ఆగుతుందా? అందుకని పళ్ళు తోముకుంటూ ఒకడు, పాలగిన్నెతో ఒకావిడ, బస్సెక్కబోతూ మరొకడు కృష్ణవేణి ఇంటి మీదికి వచ్చేస్తారు. "ఎన్ని పాయింట్లమ్మా?" అని నోటితో అడిగే లోపే మొహం చూసి చదివేస్తారు. కళ్ళు దించితే గోల, నవ్వితే గోల. అందువల్ల ఆమె ఒక మొహం తయారు చేసుకుంది. దాంట్లో మంచీ లేదు, చెడూ లేదు. మొదట్లో జాబితా వచ్చిన రోజు మాత్రమే పెట్టుకునేది. తరవాత్తరవాత తీయడం మరిచిపోయింది.

సొంత తమ్ముడు నారాయణరావు అంకె కూడా ఆ ఫోన్లోకే వచ్చింది. ఆరు పాయింట్ ఎనిమిది. అతని ఇంటికి వెళ్ళి చెప్పింది. ఆ రోజు జాబితాలో అతని తరవాత ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయి. ఆ తొమ్మిదీ తిరిగి ఇంటికొచ్చి వంట చేసింది. అతను పోయి నాలుగేళ్ళవుతోంది. అప్పుడు ఏడ్చావా అని ఎవరైనా అడిగితే కాసేపు ఆలోచించి గాని చెప్పలేదు.

కిందటి శీతాకాలం నుంచి ఆమె ఒళ్ళు మారింది. ఎంత అలిసిపోయి పడుకున్నా మూడున్నరకల్లా మెలకువ వచ్చేసేది. పొద్దున్న అద్దంలో మొహం ఉబ్బి కనిపించేది. కాళ్ళూ చేతులూ చిక్కిపోతున్నాయి, పొట్ట మాత్రం పెరుగుతోంది. దువ్వెన నిండా జుట్టు. నాలుగు నెలలుగా ముట్టు లేదు, నలభై మూడేళ్ళే. అందరికీ బీపీ చూసే మిషను తన చేతికే చుట్టుకుంటే నూట యాభై దాటింది. ఇంకో ప్రాంతంలో అయితే వీటికి పది కారణాలు తోస్తాయి. ఉద్దానంలో ఒకటే తోస్తుంది. అక్కడ కాలు బెణికినా ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ళయినా ఇదమిత్థమని ఎవరూ తేల్చలేదు. కారణం తెలియని జబ్బు దేన్నైనా తనదిగా చెప్పుకోగలదు.

పరీక్ష చేయించుకుంటే తేలిపోయేది. చేయించుకోలేదు. ఊళ్ళో వందల మందిని బతిమాలి, బెదిరించి కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి, ఒక్కొక్క సాకుకి ఒక్కొక్క జవాబు నోటికొచ్చిన మనిషి, తన విషయానికి వచ్చేసరికి "రక్తం ఇవ్వకపోతే రోగం లేనట్టే గదా" అనుకుంది. ఆ మాట అన్నందుకు ఎంతమందినో తిట్టింది.

రక్తం ఇవ్వలేదు గాని పథ్యం మొదలెట్టింది. జబ్బు ముదిరినవాళ్ళకి తను పంచిపెట్టే కాగితం ఉంది. అందులో ఉన్నదంతా గుట్టుగా తన మీద అమలు చేసింది. కూరగాయలు సన్నగా తరిగి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండడం. పప్పు మానేయడం. ఉప్పు చిటికెడు. రోజుకి కొలిచి నాలుగు గ్లాసుల నీళ్ళు, అదీ ఉద్దానం ఎండల్లో. బొండాం సంగతి సరేసరి. మొదటి పరీక్ష కూడా చేయించుకోని మనిషి చివరి దశ వైద్యం చేసుకుంటోంది. ఇలాంటి పొరపాటు చేయాలంటే ఉద్దానంలోనే పుట్టాలి.

ఆ పథ్యం ఇంటిల్లిపాదికీ తగిలింది. భర్త జోగారావు పలాసలో జీడిపిక్కలు ఉడికించే బాయిలరు దగ్గర పని చేస్తాడు, సంచిలో ఆవకాయ సీసా పెట్టుకుపోవడం మొదలెట్టాడు. అత్తగారు రత్నాలమ్మకి ఆ వీలు లేదు.

"ఏటే ఈ కూర? గొడ్డుకి పెట్టినా మూతి తిప్పీసుకుంతాది."

"నాకు బీపీ ఉన్నాది అత్తా. ఉప్పు తక్కువ తింటే అందరికీ మంచిదే."

"బీపీ నీకు, శిచ్చ నాకా? నా కంచంలో ఉప్పు నాకెయ్యి. డెబ్బై ఏళ్ళు తిన్నాను, ఇంకెన్నాళ్ళు తింతాన్లే."

నిజానికి గుట్టు రట్టు చేసింది ఆ ఉప్పే. జూన్ మొదట్లో ఓ సాయంత్రం నలుగురైదుగురు ఆడవాళ్ళు రత్నాలమ్మ వాకిట్లో చేరి ఎండబోసిన జీడిపిక్కలు ఎత్తుతున్నారు. కోడలి వంట మీద ముసలావిడ కడుపులో ఉన్నదంతా కక్కేసింది. కూరనీళ్ళు పారబోస్తాదట. పప్పు వండదట. "మా సెట్టు బొండాం కూడా మా కోడలికి పనికిరాదమ్మా. ముట్టుకుని మూణ్ణెల్లయింది" అని, అందరూ నవ్వుతారని చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ చేతిలోని పిక్కలు చాటలో పోసేసి, పనుందని లేచిపోయింది. తనేమన్నదో రత్నాలమ్మకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు క్యాంపు. రాసుకున్నవాళ్ళు నలభై రెండు మంది. ముగ్గురొచ్చారు.

బడి వరండాలో బల్ల, కుర్చీ, ఐస్‌బాక్సు. కాశీబుగ్గ నుంచి వచ్చిన ల్యాబు కుర్రాడు ఈశ్వర్ పది దాకా చూసి టైము చూపించాడు. కృష్ణవేణి ఊళ్ళోకి బయల్దేరబోతుంటే బాలకృష్ణ గేటు దగ్గర కనిపించాడు. అతని వెనక మరో పదిహేను ఇరవై మంది ఉన్నారు. లోపలికి రావడం లేదు, వెళ్ళిపోవడమూ లేదు.

"ఏట్రా, పేరు రాయించినావు గదా. రా మరి."

"ఒచ్చి ఏటి సేత్తామక్కా? క్యాన్ నీల్లు తాగుతావు, అన్నీ తెలుసు నీకు. నీకే ఒచ్చీసిందంటే ఇంక మేమెంత? ముందు తెలిసినా ఏడుపే, ఎనక తెలిసినా ఏడుపే. ఆ కాసింత ఏడుపూ ఎనకే ఏడుత్తాం."

"నాకొచ్చిందని ఎవలు సెప్పినారు?"

"నువ్వే సెప్పినావు. జలుబన్నావు గదా."

తను నేర్చిన లెక్కే వాళ్ళూ నేర్చారు. వెనక్కి వెళ్ళి ఈశ్వర్ ముందున్న కుర్చీలో కూర్చుంది. ప్రతి నెలా అతనికో హాస్యం ఉంది, ఆ అలవాటు కొద్దీ ఈసారి కూడా అన్నాడు.

"టార్గెట్ తక్కువైంది, మీ బ్లడ్డు కూడా లాగెయ్యమంటారేంటక్కా?"

"లాగు" అని చెయ్యి చాచింది. "నా పేరే రాయి. అందరికీ వినపడేట్టు సదువు."

ఈశ్వర్ నవ్వు ఆపేశాడు. నరం కోసం ఆ చెయ్యీ ఈ చెయ్యీ వెతికి విసుక్కున్నాడు. "వెయిన్ ఎక్కడికెళ్ళిపోయిందక్కా? వాటర్ తాగట్లేదా మీరు?" గేటు దగ్గరివాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. సూది దిగింది, గొట్టం నిండింది. పేరు గట్టిగా చదివాడు. ఆ తరవాత గేటు దాటి పదకొండు మంది వచ్చారు. బాలకృష్ణ రాలేదు.

"నీది ఒచ్చినాక సూత్తానక్కా" అన్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఆ నాలుగు రోజుల్లో ఆమె పదిహేడు ఇళ్ళు తిరిగింది, ఇద్దరు బాలింతల్ని చూసింది, ఒక టీకా పట్టిక పూర్తి చేసింది. భయపడిందా అంటే, భయపడే చోటికి వెళ్ళి తలుపు తట్టినట్టూ లోపల ఎవరూ పలకనట్టూ ఉంది. జాబితా వచ్చినప్పుడు పసిపిల్ల బరువు రాస్తోంది. రాయడం పూర్తి చేసి, ఫోను తెరిచింది. ఎప్పుడూ పై నుంచి కిందికే చదువుతుంది, మధ్యలోకి దూకదు. ఒకటి, రెండు, మూడు. నాలుగు: కృష్ణవేణి, 43, సున్నా పాయింట్ ఎనిమిది. ఒకటి లోపు. నిక్షేపమైన అంకె. అయిదు, ఆరు, ఏడు. పదిహేనూ నోటుబుక్కులో ఎక్కించుకుని, ఫోను సంచిలో పెట్టి, సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగింది. రాలేదు. రెండో పిల్లని తక్కెట్లో వేసింది.

"అయితే ఏటీ రోగం నేదా?" అని అడిగింది రత్నాలమ్మ ఆ సాయంత్రం.

"నేదు."

"ఇన్నాల్లూ మమ్మల్ని సప్పిడి కూడు తినిపించినావు గదే! ఏటీ నేకపోతే మరి నెగు, పప్పు రుబ్బు."

ముసలావిడ న్యాయం ఆ ఊరి న్యాయమే. ఒకే రోగం ఉన్న ఊళ్ళో అది లేనివాళ్ళంతా ఆరోగ్యవంతులు. నిద్ర పట్టకపోవడానికీ, జుట్టు ఊడడానికీ, ఒంట్లో శక్తి లేకపోవడానికీ అక్కడ పేరు లేదు. పేరు లేనిదానికి సెలవు కూడా ఉండదు. కృష్ణవేణి పప్పు రుబ్బింది. ఉప్పూ పప్పూ మళ్ళీ తిన్నది, నీళ్ళు తాగింది. కాలి పిక్కలు పట్టేయడం, కళ్ళు తిరగడం తగ్గాయి, అవి పథ్యం తెచ్చిపెట్టినవే గనుక. మూడున్నర మెలకువ తగ్గలేదు. పొట్టా, మొహం ఉబ్బూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ముట్టు రాలేదు.

బొండాం కూడా అంతే. సున్నా పాయింట్ ఎనిమిదిని ఊరు నమ్మలేదు. "ఆశమ్మ కాయితం ఆశమ్మే రాసుకుంతాది" అన్నారు. బాలకృష్ణ ఆ మాట మొహం మీదే అడిగాడు, దారిలో ఆపి, ఓ బొండాం చెక్కి మరీ.

"కాయితం నానొల్లను. ఇది తాగీసి ఎల్లు. రేపే నా రక్తం ఇచ్చీత్తాను."

ఆమె పుచ్చుకుంది. నోటిదాకా తెచ్చింది. అంకె తప్పయితే? గొట్టాలు మారిపోయి ఉంటే? తన అంకె ఇంకెవరికో, ఇంకెవరిదో తనకో వచ్చి ఉంటే? తాగడానికి చెయ్యి రాలేదు. బొండాన్ని గోడ మీద పెట్టేసింది. బాలకృష్ణ కత్తి నడుముకి దోపుకుని వెళ్ళిపోయాడు. అది చూసినవాళ్ళున్నారు. జులై క్యాంపుకి ఒక్కరంటే ఒక్కరు రాలేదు.

ఖాళీ క్యాంపు సర్దుకుంటూ ఈశ్వరే అన్నాడు. "క్రియాటినిన్ పర్ఫెక్ట్ అక్కా, నేనే రెండుసార్లు రన్ చేశాను. కాని ఫేస్ అంత పఫీగా ఉందేంటి? హార్మోన్ ప్రాబ్లమేమో. టెక్కలిలో నీలిమ మేడమ్‌కి చూపించుకోండి."

మందసలో బస్సెక్కి పలాస, పలాసలో ఇంకో బస్సెక్కి టెక్కలి వెళ్ళింది. నీలిమకి ముప్పై మూడేళ్ళుంటాయి. ఎక్కువ మాటల మనిషి కాదు. ఆమె కుర్చీ వెనక గోడకి, సముద్రం ఒడ్డున కళ్ళు మూసుకుని పద్మాసనం వేసుకున్న అమ్మాయి బొమ్మ, దాని కింద ఒత్తిడిని జయించండి అన్న మాట. ఆ అమ్మాయి ఇంటికి పొద్దున్నే పదిమంది వచ్చి పాయింట్లు అడగరని చూస్తేనే తెలిసిపోతోంది.

కృష్ణవేణి చెప్పినవన్నీ డాక్టరు రాసుకుంది. ఒళ్ళునొప్పులకి ఊళ్ళో డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు గాని, నాటు పొడులు గాని వాడుతున్నావా అని మూడుసార్లు మార్చి మార్చి అడిగింది. లేదంది. కిడ్నీ పరీక్ష మళ్ళీ చేయించింది. పొద్దున్న ఎనిమిదికోసారి, సాయంత్రం అయిదుకోసారి రక్తం తీయించింది. కడుపుకి స్కానింగు చేయించింది. మధ్యలో ఆ రోజంతా కృష్ణవేణి ఆస్పత్రి బెంచీ మీద ఊరికే కూర్చుంది. పదమూడేళ్ళలో పనిరోజున అలా కూర్చోవడం అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక, బెంచీకి ఆ చివరన్న ముసలాయనకి చీటీ చదివిపెట్టింది.

వారం తరవాత మళ్ళీ వెళ్ళేసరికి కాగితాలన్నీ డాక్టరు బల్ల మీద ఉన్నాయి.

"కిడ్నీలు బాగున్నాయి. ఇక్కడ మళ్ళీ చేశాం, అదే అంకె. ఇక ఆ అనుమానం వదిలేయండి" అంది నీలిమ. "కిడ్నీల నెత్తి మీద, రెండు చిన్న టోపీల్లాగా, రెండు గ్రంథులుంటాయి. మీ గొడవ అక్కడ. స్కానింగులో గడ్డలేమీ లేవు. ప్రమాదం వచ్చినప్పుడు పరిగెత్తడానికో పోట్లాడడానికో ఒంటికి సత్తువ కావాలి కదా, దానికోసం ఆ గ్రంథులు ఒక రసం వదులుతాయి. కార్టిసాల్ అంటారు. పొద్దున్న ఎక్కువుండాలి, సాయంత్రానికి బాగా తగ్గాలి. మీకు తగ్గడం లేదు. పొద్దస్తమానం ఎవరో తరుముతున్నట్టే ఉంది మీ ఒంటికి. నిద్ర, షుగరు, బీపీ, ముట్టు, పొట్ట, ఇవన్నీ దాని వెనకే నడుస్తాయి. షుగరు కూడా గీత దగ్గరికొచ్చింది."

"అంటే ఇది ఏ రోగమండీ?"

"ఈ అంకె ఒక్కటి పట్టుకుని ఫలానా రోగమని రాస్తే తప్పు రాసినట్టవుతుంది. రోగం కాదని పంపేసినా తప్పే. మీకు టెన్షన్ దేని గురించి?"

"టెన్షనేటీ నేదండి మేడమ్. అందరికీ ఉన్నట్టే ఉంతాది."

చెప్పిన తీరులో అబద్ధం లేదు. డాక్టరు కాసేపు ఆ మొహం చూసి, చెయ్యి చాచమంది. "నాడి మీరే చూసుకోండి. మీకు వచ్చు కదా. గడియారం పెట్టుకుని చెప్పండి."

కృష్ణవేణి మణికట్టు మీద రెండు వేళ్ళు వేసి లెక్కపెట్టింది. "ఎనభై నాలుగు."

"మీ నంబరు ఈ కాగితంలో ఉంది" అంటూ నీలిమ తన ఫోనులో ఏదో నొక్కింది.

సంచిలో ఫోను మోగింది. మోగించింది ఎదురుగా కూర్చున్న మనిషే. అది కళ్ళముందే కనిపిస్తోంది. అయినా రెండో మోతకి వేళ్ళ కింద నరం ఎగరడం మొదలెట్టింది. నలభై మోతల్లా అనిపించిన నాలుగు మోతల తరవాత డాక్టరు ఆపేసింది.

"ఇప్పుడు చూడండి."

"నూట పధ్నాలుగు" అంది కృష్ణవేణి. ఆ అంకెని ఇంకెవరిదో జాబితాలోంచి చదివినట్టు అంది.

"మీ మొహం ఏమీ మారలేదు. మీకు టెన్షన్ లేదని నమ్మినా నమ్మేద్దును."

ఆ తరవాత కృష్ణవేణి చెప్పుకొచ్చింది. పొద్దున్నే వచ్చేవాళ్ళ గురించి, మొహం చూసి చదివేవాళ్ళ గురించి, జాబితా త్వరగా వస్తే ఆ బాధ వదిలిపోతుందని తనే ల్యాబుకి రోజుకి నాలుగుసార్లు ఫోను చేయడం గురించి. తమ్ముడి తరవాత తొమ్మిది ఇళ్ళ గురించి కూడా చెప్పింది. గొంతు ఎక్కడా ఎత్తలేదు, దించలేదు. చెప్తున్నంతసేపూ వేళ్ళు మణికట్టు మీదే ఉంచుకుంది.

యోగా చెయ్యమనో, సంతోషంగా ఉండమనో అంటుందని చూసింది. నీలిమ అనలేదు. బీపీకి ఒక మాత్ర రాసింది. సాయంత్రం అరగంట నడవమంది. "నడక అంటే సర్వే కోసం తిరగడం కాదు, చేతిలో పుస్తకం ఉండకూడదు." మధ్యాన్నం దాటాక టీ మానేయమంది. ముట్టు సంగతి మూడు నెలల తరవాత చూద్దామంది. ఆఖర్న అంది.

"వీటన్నిటికంటే ముందు ఒకటి మానాలి. ఫలితాలు ఇంటి దగ్గర చెప్పొద్దు. ఒక రోజు, ఒక గంట, ఒక చోటు పెట్టుకోండి. నర్సు కూడా పక్కనుండాలి. మిగతా రోజులు మీకూ తెలియకూడదు."

"ఊరుకోరండి మేడమ్."

"ఊరుకోరు. మీ ఒళ్ళు కూడా ఊరుకోవడం లేదు. రెంటిలో ఏది భరిస్తారో చూసుకోండి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కృష్ణవేణి చేసిందల్లా నర్సుకి ఫోను చేసి, శుక్రవారం పది గంటలకి వీలవుతుందా అని అడగడం. వీలవుతుందంది, జాబితా కూడా ఇకనుంచి తన ఫోనుకే తెప్పించుకుంటానంది. "ఈ ముక్క ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదమ్మా?" అని కూడా అంది. నిజమే, ఎందుకడగలేదో కృష్ణవేణికీ తెలియదు. ఇంటికొచ్చాక సబ్‌సెంటరు తలుపు మీద అట్టముక్క కట్టింది: ఫలితాలు శుక్రవారం పది గంటలకి, ఇక్కడ మాత్రమే. ఊరు దాన్ని చదివి నవ్వుకుంది. కిడ్నీకి ఆఫీసు టైములేటి అన్నారు.

బాలకృష్ణ మర్నాడు పొద్దున్న ఆరింటికే వచ్చాడు. దింపుకి పోతూ వచ్చినట్టున్నాడు, చేతిలో ఒక బొండాం ఉంది. రత్నాలమ్మ వాకిలి ఊడుస్తోంది. పక్కింటావిడ గోడ అవతల గిన్నెలు తోముతున్నట్టే ఉంది గాని గిన్నెల చప్పుడు ఆగింది.

"టెక్కలి ఎల్లినావంట" అన్నాడు.

"ఎల్లినాను."

"ఏటన్నారు?"

"కిడ్నీ మంచిగున్నాది. రెండుసార్లు సూసినారు. వేరే ఏదో ఉన్నాది, సచ్చిపోయేది కాదు."

బాలకృష్ణ బొండాం చెక్కి చాచాడు. రత్నాలమ్మ చీపురు ఆపింది.

కృష్ణవేణి పుచ్చుకుంది. ఈసారి అంకె గురించి ఆలోచన రాలేదు. మరే ఆలోచనా రాలేదు. ఎత్తి పట్టి తాగింది. నీళ్ళు చల్లగా గొంతు దిగాయి. తియ్యగా ఉన్నాయో లేదో ఆమెకి తెలియలేదు, అయిదు నెలల కింద ఎలా ఉండేవో గుర్తు లేదు. కిందికంటా తాగి, బొండాం బోర్లించి చూపించింది. ఒక్క చుక్క పడింది.

గోడ అవతల గిన్నెలు మళ్ళీ మోగాయి.

"అయితే నానిత్తాను రక్తం" అన్నాడు బాలకృష్ణ. "మా అయ్య పోయిన కాడ్నించీ బయమక్కా. నీతోటి సెప్పలేదు గాని." ఆగస్టు క్యాంపులో అతని వెనక ముప్పై ఆరు మంది వచ్చారు.

అయిదో రోజు పొద్దున్నే మళ్ళీ వాకిట్లో నిలబడ్డాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"ఎన్ని పాయింట్లక్కా?"

"నాకు తెల్దురా. జాబితా ఇంక నాకు రాదు. శుక్రవారం పదింటికి రా. నర్సమ్మ సెప్తాది, నాను పక్కనే ఉంతాను."

"తెల్దేటి? ఇన్నాల్లూ తెలిసినాది గదా. ల్యాబోడికి ఫోన్ కొట్టు ఓ పాలి."

"కొట్టను."

అతను ఆమె మొహంలోకి చూశాడు. మంచికో చెడుకో అందులో ఆనవాలు వెతికాడు. ఎప్పటి మొహమే. కాని ఇవాళ అందులో దాచిందేమీ లేదు. ఆ తేడా అతనికి ఎలా తెలుస్తుంది?

"నాది ఎక్కువొచ్చింది. అందుకే సెప్పట్లేదు నువ్వు."

"నాకు తెల్దు, బాలకృష్ణా."

"రాచ్చసివే నువ్వు" అన్నాడు. వీధి మలుపు దాకా రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళాడు. పిలుస్తుందేమోనని.

ఆమె పిలవలేదు. ఫోను గూట్లో ఉంది. నాలుగు అడుగులు వేసి ల్యాబుకి కొడితే ఇద్దరికీ తెలిసిపోతుంది. రత్నాలమ్మ గడపలోంచి, "సెప్పీరాదేటే, గుంటడు పేనం తీసీసుకుంతన్నాడు" అంది.

"శుక్రవారం, అత్తా."

అరుగు మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. గోడగడియారం లోపలుంది, ఇక్కడికి కనిపిస్తుంది. ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టింది. నూట రెండు. కాసేపాగి మళ్ళీ పట్టుకుంది. తొంభై ఆరు. అది మంచి అంకేమీ కాదు. నోటుబుక్కు తీసి, వెనక పేజీలో, తన పేరు కింద రాసుకుంది. అది మంగళవారం.